అనౌన్సరమ్మ పెట్టె కొన్న రోజు

ఆ పొద్దున అనౌన్సరమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు. ముప్పై ఏళ్ళు బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పి, మిషను గొంతు వచ్చాక ఇంట్లో కూర్చున్న మనిషి ఆవిడ. కూర్చోవడం మాటవరసకే. ఈ మూడు నెలలూ కుక్కరు కూతలు లెక్కపెట్టి పక్కవీధికి వినబడేలా ప్రకటించింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, ఆవిడ విషయంలో అది అక్షరాలా నిజం. ఇప్పుడు చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించే గ్రంథాలయం వాళ్ళు, రెండు పేజీలు చదివి రికార్డు చేసి సాయంత్రం ఐదులోగా పంపమన్నారు. నచ్చితే పని. తన గొంతు ఇక ఎవరికీ అక్కర్లేదని కుమిలిపోతున్న ఆవిడకు ఏనుగెక్కినంత సంబరం.

మైకు ఉంది, వీడ్కోలు నాడు తోటివాళ్ళు ఇచ్చిన పాత మైకు. కోడలి ట్యాబ్ ఉంది. మైకు తీగ కొన బొటనవేలంత లావు, ట్యాబ్ కన్నం బియ్యపుగింజంత.

"ఈ రెండింటికీ పెళ్ళి చేసే పెట్టె ఒకటుంది అత్తయ్యా. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు," అంది కోడలు. ఏది మంచిదో తేల్చడానికి పొద్దున్నుంచి ట్యాబ్‌లో వీడియోలు చూస్తూనే ఉంది ఆ పిల్ల.

మైకూ ట్యాబూ పట్టుకుని ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "పెద్దది కరెంటు విడిగా తీసుకుంటుందమ్మా. చిన్నది ట్యాబ్‌లోంచే లాక్కుంటుంది. మీ ట్యాబ్‌కి ఉన్నది ఒక్కటే కన్నం. రికార్డింగు అయ్యేదాకా చార్జింగ్ పెట్టలేరు. ఆలోచించుకోండి."

ఆవిడ ఆలోచిస్తేగా! చిన్నదాని మీద ఒకే ఒక గుండ్రటి మీట, బస్టాండులో చేతికింద ఉండేదానిలాగే. మైకు తగిలించి గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!"

ఆ గొంతు ధాటికి పెట్టె మీది దీపాలన్నీ ఎర్రబడ్డాయి. మూల కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి, సంచీ చంకన పెట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తాడు. కోడలు నవ్వలేక కడుపు పట్టుకుంది.

"ఇదే ఇచ్చెయ్ నాయనా," అంది అనౌన్సరమ్మ.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. ఫ్యాను ఆపారు, కిటికీ మూశారు, బయటి చప్పుడు చొరబడకుండా ఇద్దరూ దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నారు. కోడలు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీట తిప్పింది. పచ్చదీపం వెలిగింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మొదలెట్టింది.

"ఆ ఊళ్ళో ఒక గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆ ఊళ్ళో ఒక గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన గడియారం మాత్రం నడిచేది కాదు. ఆయన గడియారం మాత్రం నడిచేది కాదు."

కోడలు తెల్లబోయింది. ప్రతి వాక్యం రెండేసిసార్లు! ముప్పై ఏళ్ళ అలవాటు. పుట్టుకతో వచ్చిన బుద్ధే పుడకలతో గానీ పోదంటే, జీతంతో వచ్చింది మాత్రం పోతుందా? కోడలు చేతులు ఊపింది. ఆవిడ బాగుందంటోంది కాబోలనుకుని ఇంకాస్త రాగం పెంచింది. మొదటి పేజీ సగంలో ఉండగా ట్యాబ్ గుటుక్కుమంది. వీడియోలు మింగగా మిగిలిన కాస్త చార్జింగునూ చిన్నపెట్టె పీల్చేసింది.

"ప్రతి వాక్యం రెండేసిసార్లు చదివారు అత్తయ్యా!" అంది కోడలు.

"అయ్యో! నేనెక్కడ రెండుసార్లు చదివానే?"

చార్జర్ తగిలించి దేవుళ్ళందరికీ మొక్కుకుంటే ఐదుకు నాలుగు నిమిషాలుండగా ట్యాబ్ కళ్ళు తెరిచింది. అదృష్టం కొద్దీ ఆ అరపేజీ మిగిలే ఉంది. మళ్ళీ చదివే వ్యవధి లేదు. ఉన్నది ఉన్నట్టే పంపేశారు. ఆ పూట ఆవిడ అన్నం సరిగా తినలేదు.

మర్నాడు పది గంటలకు ఫోను మోగింది. గ్రంథాలయంలో గొంతులు ఎంపికచేసే ఆయనట.

"అమ్మా, మీరు బస్టాండులో చెప్పేవారు కదూ? రెండో వాక్యానికే పోల్చుకున్నాను. నాకూ చూపు లేదు. ఇరవై ఏళ్ళు ఆ బస్టాండు నుంచే ఉద్యోగానికి వెళ్ళాను. మీరు మొదటిసారి చెప్పేది గోలలో కలిసిపోయేది. రెండోసారికి నా బస్సు ఎక్కడుందో తెలిసిపోయేది. ఈ మిషను ఒక్కసారే చెబుతోందమ్మా. మొన్న రెండు బస్సులు పోగొట్టుకున్నాను." కాస్త ఆగి నవ్వాడు. "పుస్తకం మాత్రం ఒక్కసారి చదివితే చాలు. సోమవారం రండి."

ఫోను పెట్టేశాక ఆవిడ పాత మైకు ఒళ్ళోకి తీసుకుని నిమరసాగింది. కోడలికి భయమేసింది.

"ఏమన్నారు అత్తయ్యా?"

"బస్టాండులో నేను కూర్చున్నది కిటికీ లేని గదే. ముప్పై ఏళ్ళూ గోడతో మాట్లాడాననుకున్నానే," అంది ఆవిడ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ. "ఒకాయన వినేవాడట."