పేర్రాజు గారు తీసేసిన పెరటి తలుపు

మొన్న ఆదివారం మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్ళరంగు చెరుపుకుంటోంది. దూదిని ఆ మందులో ముంచగానే ముక్కుపుటాలు అదిరే ఘాటు ఇల్లంతా కమ్మింది. "అమ్మా, కిటికీ తియ్యనా?" అంది. "వద్దులే, కాసేపు ఉండనీ" అన్నాను. అది నావైపు వింతగా చూసింది. దానికేం తెలుసు? నాకది పాలకొల్లులో ఒక సినిమా హాలు ప్రొజెక్టరు గది వాసన. తెగిన ఫిల్మును అతికించే మందు అచ్చం అలాగే ఉండేది. ఆ వాసన తగిలితే చాలు, బనీను మీద తువ్వాలు వేసుకుని, చెవి హాలు వైపు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్న ఆపరేటర్ పేర్రాజు గారు కళ్ళ ముందుకు వస్తారు. ఎడిటర్‌గా ఇన్నేళ్ళు ఈ వృత్తిలో అన్నం తింటున్నానంటే అందులో ఆయన చలవ చాలా ఉంది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. సినిమాకి వెళ్ళి ప్రొజెక్టరు వైపు తిరిగి కూర్చునేవాళ్ళు ఎవరుంటారు?

తొంభైల చివర్లో నేను సొంతంగా ఎడిట్ చేసిన మొదటి సినిమా అది. పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తు రాదు. పేరున్న హీరో లేడు, ఒక్క పాట లేదు. లంక ఊళ్ళో ఒక పెంకుటిల్లు, అందులో ఒక ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. హత్య కళ్ళారా చూసిన ఒక మనిషి ప్రాణభయంతో వచ్చి వాళ్ళింట్లో దాక్కుంటాడు. అతని కోసం రౌడీలు వానలో ఇల్లు చుట్టుముడతారు. తెల్లారేదాకా ఆవిడ రోకలితోనూ కారప్పొడితోనూ సలసల కాగే నీళ్ళతోనూ వాళ్ళని నిలవరించాలి. కథంతా అంతే. ఇంకో ఇల్లు చూపించే స్తోమత కూడా మాకు లేదు. అందులో ఒక నాలుగు నిమిషాల సీను కోసం నేను దర్శకుడితో పోట్లాడాను. పడుకునే ముందు ఆ ఇల్లాలు వీధి తలుపుకి అడ్డగడియ వేసి, కిటికీలు మూసి, పాల మీద మూతపెట్టి, చివరికి పెరటి తలుపు దగ్గరికి వస్తుంది. గడియ మీద చెయ్యి వేసేసరికి చంటిది ఏడుస్తుంది. పరుగెత్తుతుంది. గడియ మరిచిపోతుంది. మా అమ్మ రోజూ చేసే పనే అది. అలా తలుపులు చూసుకుంటూ తిరిగే ఆడదాన్ని అంతవరకు నేను తెర మీద చూడలేదు. దర్శకుడు విసుక్కుని, "సరే, నీ ఇష్టం" అన్నాడు.

నిజానికి ఆ సినిమా మీద నా బతుకే ఆధారపడి ఉంది. ఆడపిల్లకి ఆ కత్తెర పనేమిటని ఇంట్లో అప్పటికే రోజూ గొడవ. ఇది పోతే ఇక మద్రాసు, హైదరాబాదు మాట ఎత్తకుండా భీమవరంలో నాన్న మాట్లాడి పెట్టిన కాన్వెంటు స్కూల్లో టీచరుగా చేరతానని ఒప్పుకున్నాను. విడుదల రోజున మనవాళ్ళ మధ్య కూర్చుని చూడాలని పాలకొల్లు వచ్చాను. హాలు మేనేజరు నన్ను మర్యాదగా ప్రొజెక్టరు గదిలో కూర్చోబెట్టాడు. చూపుడు కన్నంలోంచి తెర చూడబోతుంటే పేర్రాజు గారు నవ్వారు.

"తెరకేసి ఎందుకండీ అమ్మాయిగారూ? కోసింది మీరే కదా. చూసిందే మళ్ళీ చూస్తే ఏం తెలుస్తుంది? ఇలా తలుపు దగ్గర నిలబడి కుర్చీలు వినండి."

"కుర్చీలా?"

"ఆయ్! మా హాల్లో కుర్చీలు అబద్ధం చెప్పవండి."

ఆ హాల్లోవి చెక్క కుర్చీలు. మనిషి లేవగానే కూర్చునే పలక టప్పుమని వెనక్కి కొట్టుకునేది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ టపటపలు వినే ఆయన సినిమా జాతకం చెప్పేసేవారు. జాతకం చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళలో ఆపరేటర్లకి ఒక అలవాటుండేది. మొదటి ఆటలో జనం ఎక్కడ లేచి బయటికి పోతే అక్కడ ఫిల్ము కోసి, రెండో ఆటకి సినిమాని చురుగ్గా చేసి వదిలేవారు. ఎవరినీ అడిగేవారు కాదు. ఆ సంగతి నాకప్పటికి తెలియదు.

మార్నింగ్ షో నిండా కుర్రాళ్ళే. పోస్టరు మీద కత్తులు చూసి ఫైట్లుంటాయని వచ్చారు. మొదటి అరగంట ఓపిక పట్టారు. నా తలుపుల సీను రాగానే మొదలైంది టపటప. "ఏంట్రా ఇది, ఇల్లు అద్దెకి చూపిస్తున్నారా?" అని ఎవరో అరిస్తే హాలంతా గొల్లుమంది. నా మొహం మాడిపోయింది. ఆట అయ్యాక డిస్ట్రిబ్యూటరు మనిషి ఆఫీసు గదిలో ఫోను పట్టుకుని, "సాయంత్రం దాకా చూస్తానండి, ఇలాగే ఉంటే రేపు పొద్దున వేరే బొమ్మ" అంటుంటే నా చెవిన పడింది.

మ్యాట్నీకి గదిలోకి వెళ్ళబుద్ధి కాలేదు. ఆడవాళ్ళ వైపు, చిన్న గోడ అవతల, ఒక మూల కూర్చున్నాను. ఆ ఆటకి నిండా ఇల్లాళ్ళే. భోజనాలు కానిచ్చి, పిల్లల్ని చంకనేసుకుని, చేగోడీలు పొట్లం కట్టుకుని వచ్చారు. తలుపుల సీను వస్తుందని ఊపిరి బిగపట్టాను. రాలేదు. తెర మీద ఇల్లాలు అన్నం గిన్నెలు సర్దింది, మరుక్షణంలో పిల్ల పక్కన నిద్రపోతోంది. నా కళ్ళని నేనే నమ్మలేదు. కాసేపటికి రౌడీ పెరటి వైపు వచ్చి చెయ్యి వేయగానే తలుపు తెరుచుకుంది. హాలు హడలిపోవాల్సిన చోటు అది. నా పక్కావిడ చేగోడీ నముల్తూ తాపీగా అంది: "ఇదెక్కడి ఆడదే, గడియన్నా పెట్టుకోకుండా పడుకుంది!" ఆవిడ చెల్లెలు, "తిన్నదరక్క" అంది. వెనకాల ఇంకెవరో నవ్వారు. ఆ తర్వాత ఆ ఇల్లాలు ఎంత పోరాడినా ఒక్కళ్ళు కూడా జాలిపడలేదు. తప్పు దానిదే అనుకున్నాక ఎందుకు పడతారు?

ఆట ముగియడం ఆలస్యం, మెట్లు రెండేసి ఎక్కి గదిలో పడ్డాను.

"నా సీనేదండీ?"

పేర్రాజు గారు రీలు చుట్టుకుంటూ, తలెత్తకుండానే, "తీసేశానండి. ఆ నాలుగు నిమిషాల్లో ఎన్ని కుర్చీలు లేచాయో పొద్దున మీరూ విన్నారు కదా" అన్నారు.

"కుర్చీలు విన్నారు. మరి ఇప్పుడు ఆడవాళ్ళు ఏమన్నారో విన్నారా? మతిలేనిది, గడియ పెట్టుకోలేదు అంటున్నారు. పిల్ల ఏడ్చి మరిచిపోయిందని వాళ్ళకెలా తెలుస్తుంది? మీ ఇంట్లో రోజూ తలుపులెవరు వేస్తారండీ?"

కోపంలో నోరు జారాను. తండ్రి వయసు మనిషిని అలా నిలదీయకూడదు. ఆయన చేతిలో రీలు ఆగిపోయింది. తిడతారేమో అనుకున్నాను.

"మా ఆవిడే వేస్తుందండి," అన్నారు చివరికి. "ఎప్పుడు వేస్తుందో, ఎలా వేస్తుందో నేనెప్పుడూ చూళ్ళేదు. ఈ ఉద్యోగంలో చేరిన కాడ్నుంచీ సెకండ్ షో అయ్యాకే కదండీ ఇంటికెళ్ళేది. నా కోసం పెరటి తలుపొక్కటి గడియ తీసి ఉంచుతుంది. దొంగలొస్తారేమోనని నేనొచ్చేదాకా దానికి నిద్ర పట్టదంట. ఎప్పుడో ఒకసారి అంది. నేను పట్టించుకోలేదు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "తప్పు నాదేనండి. పొద్దుటి కుర్చీలు విని మధ్యాన్నం ఆట కోసేశాను. రండి, అతికించేద్దాం."

గోడ పక్కన ఉన్న బిస్కెట్ల డబ్బాలోంచి నా సీను చుట్ట బయటికి తీశారు. పారేయలేదు! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఫస్ట్ షోకి గంట టైముంది. నేను రెండు కొసలూ పట్టుకుంటే ఆయన బ్లేడుతో అంచు గీకి, మందు రాసి, బొటనవేలితో అదిమిపెట్టారు. ఘాటుకి ఇద్దరికీ కళ్ళ నీళ్ళు కారాయి. అతుకు ఆరేదాకా ఊదుతూ, "ఆవిడ గడియ వదిలేసి పరుగెత్తే బొమ్మ ఒకటి పోయిందండి, క్షమించాలి" అన్నారు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మల్లో ఒకటి పోతే ఎవరికి తెలుస్తుంది? అయినా చెప్పారు.

ఫస్ట్ షోలో గది తలుపు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. సీను వచ్చింది. మగవాళ్ళ వైపు మళ్ళీ టపటప, బీడీలకి బయలుదేరారు. పేర్రాజు గారు నా భుజం తట్టి, "అటు కాదండి, గోడ అవతల వినండి" అన్నారు. అక్కడ చప్పుడే లేదు. చంటిపిల్లల్ని కూడా ఊరుకోబెట్టారు. పిల్ల ఏడవగానే, ఆ ఇల్లాలు గడియ వదిలేసి వెళ్ళగానే, "అయ్యో, అయ్యో" అని ఒక గొణుగుడు సన్నగా పాకింది. ఆ తర్వాత పావుగంటకి రౌడీ పెరట్లో అడుగు పెట్టాడో లేదో, ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ నిలబడి హాలు దద్దరిల్లేలా అరిచింది.

"పెరటి తలుపు! ఒసేయ్, పెరటి తలుపేసుకోవే!"

అంతే. వరసలకి వరసలు లేచి నిలబడ్డాయి. కుర్చీలన్నీ ఒక్కసారి టప్పుమన్నాయి. బయటికి పోవడానికి ఎవరూ లేవలేదు. బయట బీడీలు కాలుస్తున్న కుర్రాళ్ళు, లోపల ఎవరో కొట్టుకుంటున్నారనుకుని పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళు మళ్ళీ కదల్లేదు. తెర మీద ఇల్లాలు రౌడీ మొహాన కారం కొడితే ఈలలు, కాగితం ముక్కలు, ఒక ముసలావిడ ఏకంగా తెరకి దండం పెట్టింది. నేను గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఎంత తేలికపడ్డానంటే, ఆకలి వేసింది. పేర్రాజు గారు తన క్యారేజీలోంచి పులిహోర పెట్టారు.

డిస్ట్రిబ్యూటరు మనిషి ఆ సాయంత్రం ఫోనులో వేరే మాట మాట్లాడాడు. సినిమా అక్కడ నాలుగు వారాలు ఆడింది. పక్క ఊళ్ళ ఆపరేటర్లకి పేర్రాజు గారే కబురు పెట్టారట, ఆ తలుపు జోలికి పోవద్దని. నర్సాపురం నుంచి చేపల బుట్టలమ్మే ఆడవాళ్ళు కట్టకట్టుకుని వచ్చి చూశారు. పాలకొల్లు సంతలో ఎవరైనా పరధ్యానంగా ఉంటే "పెరటి తలుపేసుకోవే" అని ఆటపట్టించుకునేవారు. భీమవరం కాన్వెంటుకి నా బదులు ఇంకొకరు వెళ్ళారు. నాన్న ఆ సినిమా రెండుసార్లు చూసి, నా మద్రాసు టిక్కెట్టు ఆయనే కొనుక్కొచ్చారు.

ఇప్పుడు నా పనంతా కంప్యూటరు మీదే. అతుకు మందు లేదు, బ్లేడు లేదు. సీను బాగోలేదు, జనం లేచిపోతారు అని ఎవరైనా అంటే, ఎవరు లేస్తారు, ఎవరు కూర్చుని ఉంటారు అని అడుగుతాను. కుర్ర దర్శకులు విసుక్కుంటారు. విసుక్కోనీ. తీసేసిన ముక్కని మాత్రం సినిమా విడుదలయ్యేదాకా పారేయను.

కొన్నేళ్ళకి ఆ హాలు మూతపడ్డాక ఒకసారి పేర్రాజు గారిని చూడ్డానికి వెళ్ళాను. బాగా వంగిపోయారు. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి, "మీ సినిమా నేనూ చూశానమ్మా" అని నవ్వింది. పొద్దుగూకుతోందని నేను లేవబోతే ఆయన కూడా లేచి నాతో గుమ్మం దాకా వచ్చారు.

"ఏం చేస్తున్నారండీ ఖాళీగా?" అన్నాను.

"ఖాళీ ఏముందండి? ఇంట్లో తలుపులన్నీ ఇప్పుడు నేనే వేస్తున్నాను," అన్నారు. "పెరటిది ఆఖర్న. అది వేసిన చప్పుడు వినపడితే చాలు, మా ఆవిడ నిద్రపోతుంది."