గిట్టనివాళ్ళు ఒప్పుకున్న మేకపిల్ల

మా ఊరు చౌల్దారీలో మేకపిల్లల్ని ఎవరికివారు అమ్ముకున్నన్నాళ్ళూ జంగ్లీఘాట్ నుంచి వచ్చే వ్యాపారి ఇంటింటికీ తిరిగి బలిసినవి ఏరుకుని, బక్కవి మాకే వదిలేసేవాడు. అందుకే సంఘం పెట్టుకున్నాం. పిల్లలన్నీ ఒకే దొడ్లోకి తోలతాం. కొంటే మందంతా కొనాలి, లేదంటే ఖాళీ బండితో పోవాలి. మందలోకి ఏది పనికొస్తుందో తేల్చేది మాత్రం యజమాని కాదు, యజమానంటే గిట్టనివాళ్ళు. స్నేహితులు చూస్తే రోగిష్టివి కూడా పాసైపోతున్నాయని పెట్టిన రూలు. గిట్టనివాళ్ళకు మా ఊళ్ళో ఎప్పుడూ కొరత లేదు.

మా అమ్మ వంతుకు పడింది వెనకింటి పిన్ని. చుట్టరికం లేదు, పిలుపే. కంచె ఎవరి వైపు జరిగిందన్న గొడవలో ఇద్దరికీ మాటలు పోయి ఏళ్ళయింది. తిట్లన్నీ నా ద్వారానే వెళతాయి, టపా ఖర్చు లేకుండా.

ఆసారి మా నల్లపిల్ల సన్నబడింది. వానలు పట్టేలోపు అమ్ముడుపోకపోతే కారే కొట్టంలో దగ్గి దగ్గి చస్తుందని అమ్మ బెంగ. పిన్ని దాని కనురెప్ప తిప్పి చూసింది, పళ్ళు చూసింది, వీపు తడిమింది. పెళ్ళిచూపుల్లో అన్నయ్యలా నేను పక్కన నిలబడ్డాను.

"మేపడం రాదని మీ అమ్మకి సెప్పు. రోగమైతే లేదు. మందలో ఎయ్యి."

వ్యాపారి వచ్చాడు, చూశాడు, పెదవి విరిచాడు.

"దీదీ, ఆ నల్లది బీమార్‌లా ఉంది. దాన్ని పక్కన పెట్టేయండి, మిగతావన్నీ ఇప్పుడే ఎక్కించేస్తా."

"పోనీ, ఒక్కదాని కోసం అందరం..." అని ఎవరో నసిగారు. అమ్మ నల్లదాని తాడు విప్పడానికి వంగింది. ఆవిడ పోట్లాటకు దిగకపోవడం నేను చూడ్డం అదే మొదలు, భయమేసింది.

పిన్ని వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"భయ్యా, దాన్ని సూసి మందలో ఏసింది నేను. ఆవిడ మొకం సూత్తేనే నాకు ఒళ్ళుమంట. ఆ పిల్లకి రోగముంటే నాకన్నా ఎవులు సంతోసిస్తారు?"

ఇద్దరికీ నిజంగానే పడదా అని వ్యాపారి అందరినీ అడిగాడు. ఊరంతా ముక్తకంఠంతో సాక్ష్యం చెప్పింది. మా సంఘంలో ఏకగ్రీవం అంటే ఏమిటో అప్పుడే చూశాను. నల్లదానితో సహా అన్నీ బండెక్కాయి.

ఇంటికి రాగానే అమ్మ నన్ను కంచె దగ్గరికి తరిమింది. "నేనేం అడగలేదని చెప్పు దానికి."

చెప్పాను.

"అడిగుంటే మాటాడేదాన్నే కాదని సెప్పు," అని పిన్ని తలుపు మూసేసింది.