పప్పుగిన్నెతో వచ్చిన జువాలజీ మేడం

వనపర్తిలో మా పక్కింటి జువాలజీ మేడం ఇక లేరు. పోయిన వారం హైదరాబాదు దవాఖానలో కన్నుమూశారని వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. కాలేజీలో ఎందరికి పాఠాలు చెప్పారో గానీ, నేను విన్నది మా ఇంట్లో, మా నాయన మంచం పక్కన.

నాయనకు షుగరు. చేనులో రాయి గుచ్చుకుని అరికాలు పుండైంది. స్పర్శ లేక ముందు తెలియనే లేదు. ఎన్ని కట్లు కట్టించినా మానలేదు. ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పారు. కాలు పోతే మా ఇంట్లో వ్యవసాయం పోయినట్టే.

చూడటానికి వచ్చిన మేడం నాయన కంచంలోకి చూశారు. అన్నం, చారు.

"పప్పేదన్నా?"

"పుండున్నప్పుడు పప్పు తింటే చీము వడ్తది మేడం. గుడ్డు గూడ బంద్ వెట్టిన."

మా వైపు ఇంటింటా ఉన్న పథ్యమే అది. మేడం నవ్వలేదు, కసరలేదు. పీట లాక్కుని కూర్చున్నారు. దెబ్బ తగలగానే రక్తంలోని కణాలు చుట్టుపక్కల కణాలకు కబురు పెడతాయట: రండి, పెరగండి, గుంట పూడ్చండి అని. ఆ కబురు మోసే పదార్థాలే గ్రోత్ ఫ్యాక్టర్లు. ముదిరిన షుగరు పుండులో అవి పని చేయకముందే చెడిపోతాయి.

"పుండుకు పూయనీకి డాక్టర్ రాసిన జెల్లుల ఉన్నది గా కబురే. కబురొక్కటే సాలదన్నా, కట్టనీకి ఇటుకలు గావాలె. నువ్వేమో ఇటుకలే బంద్ వెడ్తివి."

మర్నాటి నుంచి ఆమే గిన్నెతో పప్పు తెచ్చేవారు. నాయన తినేదాకా కదిలేవారు కాదు. దేవుడికి కూడా భయపడని మొండిఘటం, ఆ గిన్నెకు భయపడ్డాడు. కట్లు, మందులు, పప్పు, వీటిలో ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ పట్టింది. నెమ్మదిగా పూడింది. కాలు నిలిచింది. ఆ తర్వాత నాయన చెప్పుల్లేకుండా గడప దాటితే మేడం ఊరుకునేవారు కాదు.

తర్వాత ఆమెకే క్యాన్సర్ గడ్డ అని తేలింది. చూడటానికి వెళ్తే నన్నే ఓదార్చారు.

"మీ నాయన పుండుకు కబురు అందలే. నా గడ్డకేమో కబురు ఆగుతలేదు. పెరుగుడే తెల్సు దానికి, సాలనుడు తెల్వదు."

పాఠం చెప్పినంత తేలిగ్గా ఆ మాట చెప్పినందుకు నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే. అంత ప్రేమ ఉంది గనుకే ఆ కోపం.

మేడంను వనపర్తికి తెచ్చాక, పాడె ఎత్తే వేళ నాయన ముందుకెళ్లి భుజం పట్టాడు. ఎవరో పెద్దాయన గద్దించాడు.

"పాడె మోస్తూ కాళ్లకు చెప్పులేందే? ఇడువు."

"ఉత్త కాళ్లతోని నడిస్తె ఈమె ఊకుంటదా?" అన్నాడు నాయన.

ఎండకు కాలుతున్న మట్టి బాట మీద, ఆ చెప్పులతోనే, శ్మశానం దాకా భుజం మార్చకుండా మోశాడు.