బ్యాంకాక్ వీధిలో చిన్నోడి భోజనం

ఆ రోజుల్లో ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి చదివే పిల్ల అంటే ఇంట్లోవాళ్లకి ఒక రకమైన భయభక్తులుండేవి. బ్యాంకు ఫారం వచ్చినా, కొత్త మిక్సీతో పాటు పుస్తకం వచ్చినా తెచ్చి నా ముందు పెట్టేవారు. నేనూ అర్థమైనా కాకపోయినా తల పంకించి, "అంతా బాగానే ఉంది" అనేదాన్ని. (ఆ మిక్సీ మూడో వారానికే కాలిపోయింది. దానికీ నాకూ సంబంధం లేదని ఇప్పటికీ నా వాదన.) అందుకని, కొల్లేరు పల్లెల్లో చేపల మేత అమ్మే మా నాన్నని మేత కంపెనీవాళ్లు కుటుంబంతో సహా బ్యాంకాక్ తీసుకెళ్తామన్నప్పుడు ఏలూరులో మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. "మన పాప ఉంది కదా, మాట్లాడుతుంది" అన్నారు నాన్న. అక్కడ వీధుల్లో ఇంగ్లీషు ఎవరికి అర్థమవుతుందన్న అనుమానం మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు.

నాలుగోవాడు మా తమ్ముడు. ఆరేళ్లవాడు, అందరూ చిన్నోడనే పిలిచేవారు. పెరుగన్నం తప్ప ఏదీ నోట పెట్టేవాడు కాదు. రెండో రోజు సాయంత్రం కంపెనీవాళ్లు మమ్మల్ని మా ఇష్టానికి వదిలేసేసరికి వాడు పొద్దున్నుంచీ నాలుగు బిస్కెట్ల మీదే ఉన్నాడు. హోటల్ గది గుమ్మంలో నిలబడి అమ్మ, "ఏవండీ, వీడి కడుపులో ఏదో ఒకటి పడకపోతే రేపు నేను మీ కంపెనీ బస్సు ఎక్కనండీ" అంది. అమ్మ ఒకే వాక్యంలో రెండుసార్లు 'అండీ' అందంటే కోపం తలకెక్కిందని లెక్క. నాన్న వెంటనే చెప్పులు వేసుకున్నారు.

వీధి పొడుగునా తోపుడు బళ్లే. పొగ, నూనె చప్పుడు, ఏవేవో వాసనలు. నేను ముందు నడిచాను. గైడు ఇచ్చిన కాగితంలో కారం వద్దనడానికి రెండు మాటలున్నాయి. వాటిలో రెండోది మాత్రమే గుర్తుంచుకుని, మొదటి బండి దగ్గర నూడుల్స్ చూపించి, "పెత్, పెత్" అని గట్టిగా చెప్పాను. బండివాడు నన్ను మెచ్చుకోలుగా చూసి, గుప్పెడు ఎర్ర కారం అదనంగా వేశాడు. (ఆ మాటకి అర్థం 'కారం' అట. 'వద్దు' అన్నది నేను మర్చిపోయిన మొదటి మాట.) చిన్నోడు ఒక్క పోగు నోట్లో పెట్టుకుని, పది నిమిషాలు నాలుక బయటపెట్టి నడిచాడు.

రెండో బండి దగ్గర మాటలు నమ్ముకోలేదు. గుడ్డు కావాలని చెప్పడానికి రెండు చేతులూ రెక్కల్లా ఆడించి, నడివీధిలో కోడిలా కొక్కొరొకో అన్నాను. ఆ ముసలాయన చాలా సంతోషించి గులాబీ రంగు గుడ్లు ఇచ్చాడు. "ఎంత ముద్దుగా ఉన్నాయో" అంటూ అమ్మ ఒలిచింది. లోపల నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. (అక్కడ గుడ్లని సున్నంలో ఊరేసి అలా తయారుచేస్తారట.) అమ్మ దాన్ని నాకు చూపించి, "నువ్వు ఏ కోడిలా కూశావే" అంది.

ఇంతలో నాన్న మూడో బండి దగ్గర ఆగిపోయారు. ఒంటినిండా ఉప్పు పట్టించి, నోట్లో ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తున్న చేపలు. నాన్న వంగి చూసి నిటారుగా లేచారు. "ఇది తిలాపియా. మన చెరువుల్లో పడితే మేతంతా తినేస్తుందని తీసి గట్టు మీద పడేస్తాం. దీన్ని తినడానికి ఇంత దూరం వచ్చామా? అడుగమ్మా పాపా, బొచ్చె చేప ఉందేమో." బొచ్చెని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకునే పిల్లని కాను. అందుకని బండి దగ్గరున్న అమ్మాయితో చేపల గురించి ఏదో చాలాసేపు మాట్లాడాను. ఆమె నవ్వుతూ తలూపింది. వెనక్కి తిరిగి చూస్తే చిన్నోడు లేడు.

ముగ్గురం వాడి పేరు పెట్టి పిలుస్తూ బళ్ల మధ్య పరిగెత్తాం. నాన్న చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది, ఆగలేదు. నాలుగు బళ్ల అవతల, బల్బు కింద ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కాగితం సంచి. అందులోంచి ఒక్కొక్కటీ తీసి, కాళ్లు తుంచి పక్కన పెట్టి, తీరుబడిగా నములుతున్నాడు. బండి ఆవిడ వాడికి విసనకర్రతో విసురుతోంది.

"ఏంట్రా అవి?" అంది అమ్మ, వాణ్ని గుండెలకి హత్తుకుని.

"ఎండు రొయ్యలమ్మా."

అమ్మ ఒకటి తీసి బల్బు వెలుగులో పట్టుకుంది. "రొయ్యకి రెక్కలెందుకున్నాయిరా?"

వాడు కాస్త ఆలోచించి, "అయితే మిడతలేమో" అన్నాడు.

అమ్మ సంచి లాక్కోబోయింది. వాడు వదల్లేదు. "బైబిల్లో అరణ్యంలో ఉండే భక్తుడు మిడతలే తిన్నాడని సండే స్కూల్లో నువ్వే చెప్పావు కదమ్మా." మా చర్చిలో సండే స్కూలు టీచరు అమ్మే. నాన్న అటు తిరిగి దగ్గుతున్నట్టు నటించారు.

"తేనెతో తిన్నాడని కూడా చెప్పాను కదరా" అంది అమ్మ నీరసంగా.

"తేనె అడిగాను. ఈవిడకి తెలుగు రాదు."

అమ్మ ముఖం చూసి, తనకీ కావాలేమో అనుకుని బండి ఆవిడ ఒక మిడతని రెండు చేతులతో అందించింది. వద్దంటే బాగోదు. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మామూలుగా భోజనానికి చేసే ప్రార్థన కన్నా అది చాలా పెద్దది. తిని, కాసేపు నమిలి, "ఉప్పు కాస్త తక్కువైందండీ" అంది. ఆవిడ వెంటనే సీసా తీసి మిగతావాటి మీద ఏదో రసం చల్లింది. ఆ తర్వాత ఇద్దరూ పావుగంట ఎవరి భాషలో వాళ్లు పిల్లల తిండి గురించి చెప్పుకున్నారు. నాన్న ఒంటి చెప్పుతో నిలబడి మూడు తిన్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

తిరిగొచ్చాక బడిలో నేను పది మిడతలు తిన్నానని చెప్పాను. ఏడు, ఎనిమిది తరగతులు వారం రోజులు నా చుట్టూ తిరిగాయి. ఆ అబద్ధానికి ఇప్పుడు నవ్వే తప్ప సిగ్గేమీ లేదు. మనసులో కాస్త గుచ్చుకునేది వేరే. ఆ సాయంత్రం వచ్చేసే ముందు ఆవిడ నావైపూ సంచి చాచింది. నేను వెన్ను నిటారుగా పెట్టి, వ్యాకరణం తప్పు లేకుండా, ధన్యవాదాలతో సహా, పూర్తి ఇంగ్లీషులో వద్దన్నాను. అంత చక్కటి వాక్యం మళ్లీ ఎప్పుడూ నా నోట రాలేదు.