మలుపులో ముగ్గు

మా ఎదురింటి అవ్వ పోయింది. నేను పని మీద కుప్పంలో ఉండగా ఇంట్లోంచి ఫోనొచ్చింది. మనిషి పోయిందంటే ముందు కళ్ళలో నీళ్ళు రావాలి. నాకు మాత్రం రేపు పొద్దున మలుపులో ముగ్గెవరు వేస్తారన్న దిగులు ముందొచ్చింది. నీళ్ళు మా ఊరు పుంగనూరు బస్సెక్కాక వచ్చాయి.

ఆ మలుపు సంగతి చెప్పాలి. మదనపల్లె రోడ్డు నుంచి బస్టాండుకు పోవడానికి మా వీధి అడ్డదారి. వీధి చివర బడి. పొద్దున ఎనిమిదిన్నరకు ఒకవైపు నడిచీ, సైకిళ్ళ మీదా వచ్చే పిల్లలు, ఇంకోవైపు బస్సు అందుకోవాలని దూసుకొచ్చే బైకులు, ఆటోలు. ఆ దూసుకొచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, దాచుకోను.

ఒకరోజు పాల ప్యాకెట్లు తీసుకుని బైకు మీద వస్తుంటే మలుపులో, సిమెంటు రోడ్డు నడిమధ్యన, మంచమంత ముగ్గు కనబడింది. ఇంటి ముందు వేయాల్సింది నడిరోడ్డులో వేసిందెవరబ్బా అనుకుంటూ దాని మీదనుంచే వచ్చేశాను. కాఫీ గ్లాసు చేతికి రాకముందే అవ్వ గుమ్మంలో ఉంది. నా టైరు ముగ్గుపిండిని మా గడప దాకా గీసుకుంటూ వచ్చిందట. ఆ గీత పట్టుకునే నడిచొచ్చింది.

"ముగ్గు తొక్కితివి, పోనీలేప్పా, మళ్ళా ఏసుకుంటా. ఆ చోట బిడ్డ ఉండింటే?" అంది.

నా కూతురు అప్పుడే కొత్తగా ఆ దారిన సైకిల్ మీద బడికి పోతోంది.

ఆ తర్వాత రోజూ చూశాను. ఎంత తొందరలో ఉన్నవాడైనా ముగ్గు ముందు బ్రేకు వేస్తాడు. తొక్కడానికి మనసొప్పదు. అవ్వ తెలివి అక్కడితో ఆగలేదు. ముగ్గుకు రెండు పక్కలా మూరెడు సందు వదిలేది. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ అదే రాజబాట. బైకు అందులో దూరాలంటే మనిషి నడిచినంత మెల్లగా పోవాల్సిందే. ఆటోవాళ్ళు గొణుక్కుంటూ అవతలి రోడ్డుకు మళ్ళారు.

"స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ పెడదామా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"గుట్ట పోస్తే సైకిల్ బిడ్డలూ ఎగిరి పడతారు గదప్పా. వాళ్ళేం తప్పు చేసినారు?" అంది. మోకాళ్ళు వంగేవి కావు. చిన్న పీట మీద కూర్చుని జరుగుతూ జరుగుతూ వేసేది. నా బిడ్డ రోజూ క్షేమంగా ఇల్లు చేరిందంటే ఆమె చలవే.

ఇక అవ్వ పోయాక మేము చేసిన ఘనకార్యం వినండి. దినాలు అయ్యేదాకా చావింటి ముందు ముగ్గు వేయరు. అవ్వ మీది గౌరవంతో వీధి వీధంతా మానేసింది. మలుపూ బోసిపోయింది. మూడో రోజు ఒక బైకు నా కూతురి సైకిల్‌ను రాసుకుంటూ పోయింది. అదృష్టం, మోకాలు దోక్కుపోవడంతో సరిపోయింది.

"అవ్వుంటే వాని ఇంటి దాకా పోయుండేది నాయనా" అంది పిల్ల.

అవ్వ కొడుకు దగ్గరికి పోయాను. చావింట్లో ఇదెలా అడగాలో తెలియక, "అన్నా, ఆ మలుపులో..." అని ఆగిపోయాను. ఆయన లోపలికెళ్ళి అవ్వ ముగ్గుడబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మా వాకిట్లో వద్దప్పా. ఆడ ఎయ్యి. ఇన్ని దినాలు ఎయ్యకుండా ఉండామని తెలిస్తే మాయమ్మ మనల్ని వదిలిపెట్టదు."

మరునాడు పొద్దున్నే చుక్కలు నా కూతురు పెట్టింది, గీతలు నేను కలిపాను. తీరా చూస్తే తొక్కిన జిలేబీలా వచ్చింది. అంతలో మొదటి బైకు మలుపు తిరిగింది. బ్రేకు పడింది! బండాయన కాలు నేల మీద పెట్టి, ముగ్గునూ, పిండి చేతులతో నిలబడ్డ నన్నూ చూశాడు.

"ఎవరప్పా నీకు నేర్పించింది?"

"అవ్వ" అన్నాను.

ఆయన సందులోంచి మెల్లగా పోయాడు. నాకు గంతులేయాలనిపించింది.

ఎనిమిదిన్నరకు సైకిళ్ళు గంటలు కొట్టుకుంటూ వరసగా ఆ సందులోంచి పోయాయి. నా కూతురు మాత్రం కావాలనే చక్రాన్ని ముగ్గు అంచుకు తాకించింది. అక్కణ్ణుంచి రోడ్డు మీద తెల్లటి గీత, మొదట దట్టంగా, పోనుపోను సన్నగా. నేను చేతులు కూడా కడుక్కోకుండా ఆ గీత పట్టుకుని బడి గేటు దాకా నడిచాను.