పోతమ్మ తీర్చనన్న మొక్కు

పోతమ్మ నోటికి జాలరిపేటంతా జడుస్తుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. రేవులో చేపల గంప దించిందంటే బేరానికొచ్చినవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాల్సిందే. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ తాగింది, అంటే చుట్ట కాలే కొసని నోట్లో పెట్టుకుని. ఆ నిప్పే అంగిలిని తినేసింది, క్యాన్సరన్నారు. ఆసుపత్రిలో కోశారు, ముప్పైసార్లు కరెంటు పెట్టారు. ఇప్పుడు మాట ముక్కులోంచి వస్తుంది గానీ, తిట్టు మాత్రం సూటిగానే తగులుతుంది.

వైద్యం అయి పద్నాలుగు నెలలు. మూడు నెలలకోసారి వెళ్లి నోరు తెరుస్తుంది. డాక్టరు లైటు వేసి చూసి, "ఇప్పటికైతే ఏమీ లేదమ్మా, మళ్లీ రా" అంటాడు. ఆ "ఇప్పటికైతే" అన్న మాటకే ఆవిడకి ఒళ్లు మంట. పోయిందో, పొంచి ఉందో చెప్పి చావొచ్చు కదా! ఇంటికొచ్చి అద్దం పట్టుకుని, నోట్లో వేలు పెట్టి తడుముకుంటుంది. ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే మళ్లీ వచ్చేసిందే అనుకుంటుంది. అది అన్నం మెతుకని తేలాక, ఎదురుపడ్డవాళ్లని తిడుతుంది.

ఆసుపత్రిలో కోతకి ముందు నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది, జబ్బు పోతే పుంజుని కోసి చీర పెడతానని. ఇప్పుడు ఇంట్లో గొడవంతా దాని మీదే. ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం తీరి నెల దాటినా కొడుకు కోటి వలకి చేప పడటం లేదు. మొక్కు ఎగ్గొట్టిన ఇంటికి అమ్మోరి కోపం తగిలిందని పేటలో గుసగుసలు. కోడలు దేవి అది నమ్మేసింది. ఆదివారం పొద్దున్నే పుంజునీ చీరనీ తెచ్చి అత్త ముందు పెట్టింది.

"లెగు అత్తా, గుడికెల్దాం."

"నానెల్లను."

"జబ్బు పోనాది కదేటి! డాక్టరు ఏటీ నేదన్నాడు కదా!"

"ఇప్పటికి నేదన్నాడు. పోనాదని అన్నాడేటి? ఆడికే తెలీనిది నీకెలా తెలిసిందే?"

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న కోటి దాన్ని విసిరికొట్టాడు. "నీ మొండితనానికి మా కడుపులు మాడాలేటే అమ్మా? పేటలో నాకు తల కొట్టేసినట్టుంది!"

"ఒరే, సేపలు పడకపోతే సముద్రాన్ని తిట్టు. నా మీద పడతావేటిరా?"

"ఒక్క కోడి! కోసేత్తే అయిపోద్ది కదా!"

"అయిపోద్ది. అదేరా నా బయం." పోతమ్మ నాలుకతో అంగిలి తడుముకుంది. "ఇయాల మొక్కు తీర్సేసి, రేపు జబ్బు మళ్లీ వత్తే అమ్మోరిని ఏ మొకం పెట్టుకోని అడగనురా? ఆ మొక్కు బాకీ నా కాడున్నన్నాళ్లూ తల్లి నన్ను సూత్తానే ఉంటాది."

కోటి విసిరికొట్టిన వలని మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. దేవి మాత్రం తగ్గలేదు. "అయితే సచ్చేదాకా తీర్సవా?"

"తీర్సను." పోతమ్మ చీరని కోడలి ఒళ్లోకి తోసింది. "నాను సచ్చిన్నాడు జబ్బు పోనాదని అందరికీ కచ్చితంగా తెలుత్తాది. ఆ దినం నువ్వే తీర్సీయే."