ఖర్చులతో సహా గెలిచిన దావా

2017లో నేను నల్లగొండలో వకీలుగా పనిచేస్తున్నాను. ఆ ఎండాకాలంలో దేవరకొండ దగ్గరి ఊరి నుంచి బ్రహ్మయ్య అనే కమ్మరి కోర్టు సమన్లు పట్టుకుని వచ్చాడు. వేరుశనగ తవ్వడానికి ట్రాక్టరుకు బిగించే బ్లేడు ఒకటి అతను సొంతంగా చేసి రైతులకు ఇచ్చేవాడు. అటువంటి బ్లేడు మీద తమకు పేటెంట్ ఉందని, అంటే దాన్ని తయారుచేసి అమ్మే హక్కు తమ ఒక్కరిదేనని, హైదరాబాద్ కంపెనీ ఒకటి దావా వేసింది.

"వాళ్ల కంపెనీ పెట్టకముందు కెల్లి చేస్తున్న సారూ. గిప్పుడు నేను దొంగనైననా?" అన్నాడు.

తీర్పు వచ్చేదాకా బ్లేడు చేయవద్దని కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. పేటెంట్ కేసులు మా జిల్లాలో అరుదు. హైదరాబాద్‌లో ఒక సీనియర్ వకీలును పెట్టక తప్పలేదు. ఆయన ఫీజు ఎంతో విన్నాక బ్రహ్మయ్య అడిగాడు.

"గెలిస్తే మన ఖర్చు అవతలోళ్లు ఇస్తరా సారూ?"

"కోర్టు ఇప్పించవచ్చు. దాన్ని కాస్ట్స్ అంటారు. ఎంతో, ఎప్పుడో చెప్పలేను."

"ఇప్పిస్తరు గద. గంతే సాలు."

ఆ ధైర్యంతోనే ఫీజు కోసం పనిముట్లు ఒక్కొక్కటి అమ్మాడు. చివరికి తండ్రి నాటి దాగలి మిగిలింది. కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె అది. బావమరిదీ కమ్మరే, తానే ఉంచుకుని పైసలిస్తానన్నాడు. బ్రహ్మయ్య ఒప్పుకోలేదు. ఇంటి దాగలి ఇంకొకరి కొలిమిలో మోగడం వాళ్లలో పరువు తక్కువ. కల్వకుర్తిలో పాత ఇనుము కొనే సేటు దగ్గర కుదువ పెట్టాడు.

"అమ్ముతలేను సేటూ. కేసు గెలిచి తీస్కపోత" అని మాట తీసుకున్నాడట.

కేసు నాలుగేళ్లు సాగింది, నడుమ కరోనా వచ్చింది. పేటెంట్‌కు ముందు నుంచే ఆ బ్లేడు వాడుతున్నామని రైతులు సాక్ష్యం చెప్పారు. కొత్తది కాని వస్తువుకు పేటెంట్ చెల్లదంటూ కోర్టు దావా కొట్టేసింది. ఖర్చులు కూడా ఇప్పించింది. సీనియర్ ఇచ్చిన ఫీ సర్టిఫికెట్, అంటే తనకు ఫీజు ముట్టిందనే పత్రం ఉండబట్టి, ఆ ఫీజులో చాలావరకు తిరిగి వచ్చింది. అలా రావడం నేను అరుదుగా చూశాను.

ఆ సంతోషంతో బ్రహ్మయ్య, అతని భార్య యాదమ్మ, నేను కల్వకుర్తి వెళ్లాం. సేటు కరోనాలో పోయాడు. దుకాణంలో కొడుకు ఉన్నాడు.

"గది దాగలా కాకా? నాయిన ఏం చెప్పకుండనే పాయె. పాత ఇనుమనుకొని అన్నిటితోని కలిపి కరగబెట్టే ఫర్నేసుకు తోలినం" అన్నాడు తల దించుకుని.

"ఇనుమే గద బిడ్డా" అన్నాడు బ్రహ్మయ్య.

బయటికొచ్చాక యాదమ్మ ఆగలేకపోయింది. "మా తమ్ముడు అడిగిండు గద. ఇచ్చుంటే పరాయి కొలిమిలనన్నా మోగుతుండె."

కొత్తది కొనుక్కోమని నేను బ్రహ్మయ్యతో అన్నాను.

"కొంటే దొరుకుతది సారూ. మా నాయిన సుత్తె దెబ్బలకు పడ్డ గుంత దొరుకుతదా?"

ఆ పైసలు అతను కొలిమికి పెట్టలేదు. చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా పోయాడు. మరుసటి దసరాకు కొలిమిలో దాగలి ఉండే ఖాళీ జాగాకే పసుపు కుంకుమ పెట్టామని యాదమ్మ ఫోన్లో చెప్పింది.

తర్వాత నేను వకీలు పని మానుకునేదాకా, గెలిస్తే ఖర్చులు వస్తాయా అని ఎవరు అడిగినా వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఏం అమ్మబోతున్నారో అడిగేవాణ్ణి.